నర్సమ్మతోని ముచ్చట: "ఆ మెసేజ్ పంపింది నేనే"

పోయిన నెల ఈ పేజీల ఒక్క మాట అడిగిన. కరోనా కాలంల మీ చెవిన పడ్డ అబద్ధం ఏంది, అది మీ ఇంట్ల ఏం చేసింది, రాయుండ్రి అని. పది ఉత్తరాలు వస్తయేమో అనుకున్న. కవర్లు, ఫోన్ల ఫొటో తీసి పంపిన కాయితాలు అన్నీ కలిపి ఒక సంచి నిండింది. నేను మొదలు దేవరకొండ దిక్కు, తర్వాత మర్రిగూడ దిక్కు ఊరూరు తిరిగే నర్సుగ, అంటే ఏఎన్‌ఎంగ, ఆఖరుకు హెల్త్ సూపర్‌వైజర్‌గ 34 ఏండ్లు చేసి 2022ల రిటైర్ అయిన. ఎన్ని రోగాలు చూసినా, ఈ ఉత్తరాలు చదివిన రెండు రాత్రులు నిద్ర పట్టలే. అన్నిటికీ ఇక్కడ జాగ లేదు. కొన్నిటికే జవాబు రాస్తున్న. పేర్లు ఎవ్వరివీ వెయ్యలే.

ప్రశ్న: నర్సమ్మా, ఈ సంగతి మా ఆయనకు గూడ చెప్పలే. 2021 ఏప్రిల్‌ల మా బాపుకు 62 ఏండ్లు. సూది ఏసుకునేటందుకు తెల్లారి పోతనని ఆధార్ కార్డు తీసి అంగి జేబుల పెట్టుకున్నడు. ఆ రాత్రి నాకొక వాయిస్ మెసేజ్ వచ్చింది. "సూది ఏసుకున్న మూడోనాడు మా పక్కింటాయన పోయిండు, మీ ఇంట్ల పెద్దోళ్లకు ఏపియ్యకుండ్రి" అని ఒక ఆడమనిషి ఏడ్చుకుంట చెప్తది. నేను దాన్ని మా ఇంటి గ్రూపుల పెట్టిన. తెల్లారి బాపు పోలేదు. మే నెల ఆఖర్ల తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి పోయిండు. అందరు కరోనా తీస్కపోయింది అంటరు. నాకేమో నేనే తీస్కపోయిన అనిపిస్తది. ఆ మెసేజ్ పంపింది నేనే. మా తమ్మునికి చెప్పాల్నా?
— ఒక బిడ్డ, కొండమల్లేపల్లి దగ్గర

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. "నీ తప్పేం లేదు, ఊకో" అని ఒక్క మాటల తేల్చలేను. అట్లంటె నువ్వు నమ్మవు, నాకు గూడ అనబుద్ధి అయితలేదు. నాకు తెలిసింది తెలిసినట్టు చెప్త.

2021 ఏప్రిల్ 1 సంది 45 ఏండ్లు దాటినోళ్లందరికీ సూది మొదలుపెట్టినం. మన దిక్కు ఎక్కువ ఏసింది కోవిషీల్డ్. మొదటి సూది పడ్డంక ఒంట్ల ఎంతో కొంత బలం రావాలంటె రెండు మూడు వారాలు పడ్తది. అది గూడ పూర్తి బలం కాదు. రెండో సూది ఏసుకున్నంకనే పూర్తిగ వస్తది. ఆ రెండో సూది గడువును మే 13న 12 నుంచి 16 వారాలకు పెంచిండ్రు. అంటే మీ బాపు అనుకున్నట్టే తెల్లారి పోయి ఏసుకున్నా, జబ్బు పడే నాటికి ఆయన ఒంట్ల ఉండేది ఒక్క సూది బలమే. దానితోని బతికేటోడా అంటె ఎవ్వరు చెప్పలేరు. ఒక్కటి ఏసుకున్నోళ్లు పోయింది చూసిన. రెండూ ఏసుకున్నోళ్లు పోయింది గూడ చూసిన. నేను చూసినకాడికి ఏసుకోనోళ్లే ఎక్కువ పోయిండ్రు. ఏసుకుంటె ఆయన బతికే తొవ్వ కొంచెం వెడల్పు అయ్యేది. అంతవరకే నిజం. అంతకంటె ఎక్కువ నీ నెత్తిన పెట్టుకోకు, తక్కువ గూడ చేసుకోకు.

ఆ మెసేజ్‌ల ఏడ్చిన మనిషి ముచ్చట గూడ చెప్త. అసొంటియి నాకు ఆ నెలల ఏడెనిమిది వచ్చినయి. ఏ దాంట్ల ఊరి పేరు లేదు, తారీకు లేదు. ఏడుపు మాత్రం అన్నిట్ల ఉన్నది. ఆమె నిజంగనే ఏడ్చిందో ఏమో, పక్కింటాయన నిజంగనే పోయిండో ఏమో. ఒక లెక్క చూడు. మేం సూది ఏసినోళ్లల్ల మొదట్ల ముసలోళ్లు, షుగరు, బీపీ ఉన్నోళ్లే ఎక్కువ. వేల మంది ముసలోళ్లను ఒక దగ్గర చేర్చితె, ఆ వారంల ఒకరో ఇద్దరో గుండెకో కిడ్నీకో పోతరు. సూది మొకం చూడకున్నా పోయేటోళ్లు. కాని చావు మూడోనాడు అయింది గనుక సూది మీదికి వచ్చింది. నిప్పు లేంది పొగ రాదంటరు గదా, ఆ సామెత ఆ ఏడాది మనల్ని చానా ముంచింది.

నువ్వెందుకు పంపినవు? బాపు మీద పాణం ఉండబట్టి. నా సంచిల ఉన్న ఉత్తరాలల్ల పగతోని పంపినోళ్లు ఒక్కరు గూడ లేరు. తల్లికి పంపిండ్రు, మామకు పంపిండ్రు, కడుపుతోని ఉన్న చెల్లెకు పంపిండ్రు.

ఇంకోటి, ఇది నా మీదికి వచ్చే మాట. ఆ రాత్రి మీ ఊరి ఏఎన్‌ఎం గాని, నాసొంటి సూపర్‌వైజర్ గాని మీ అరుగు మీద కూసోని ఉంటె, మీ బాపు ఆ మెసేజ్ మా ముందల పెట్టేటోడు. మేం రాలే. పొద్దున ఆరింటికి టెస్టుల కాడ మొదలైతె రాత్రి పదింటికి ఇల్లు చేరుకుందుము. మేం రాని ఇంటికి ఆ మెసేజ్ వచ్చింది.

డిండి దిక్కు ఒక తండాల ఒక ముసలవ్వ ఉండె. సూది ఏసి ముసలోళ్లను తక్కువ చేస్తె సర్కారుకు పింఛన్ల పైసలు మిగుల్తయని ఎవరో చెప్పిండ్రు. నేను పొయ్యిన మొదటిరోజు దర్వాజ తియ్యలే. రెండోరోజు బయట కూసోని మంచినీళ్లు అడిగి తాగి వచ్చిన. సూది ఊసే ఎత్తలే. మూడోరోజు నా కార్డు చూపిచ్చిన. యాడీ, నేను జనవరిలనే ఏసుకున్న, చూడు అన్న. చేతిల పట్టుకోని అటు ఇటు తిప్పి, "నీకు పిల్లలున్నరా?" అని అడిగింది. ఉన్నరన్న. నాలుగోరోజు కోడలిని ఎంబడి పెట్టుకోని స్కూలు కాడికి ఆమెనే వచ్చింది. నాలుగు రోజులు ఒక్క మనిషికి పెడితె పని ఎట్ల నడుస్తదని అప్పుడు మా ఆఫీసుల కోపం చేసిండ్రు. ఇయ్యాల గూడ నాకు ఆ నాలుగు రోజులు దండుగ అనిపియ్యదు.

మీ తమ్మునికి చెప్పు. ఫోన్ల కాదు, ఇంటికి పిలిచి ఎదురుంగ కూసోబెట్టి చెప్పు. ఆయన కోపం చెయ్యొచ్చు, కొన్నొద్దులు మాట్లాడక పోవచ్చు. అది ఆయనకు హక్కున్న కోపం. తర్వాత అదే గ్రూపుల రాయి: ఫలానా రోజు నేను పంపిన వాయిస్ మెసేజ్ నిజమో కాదో చూడలే, బాపు దానివల్లనే సూదికి పోలే, ఇగ నుంచి ఎవరు నమ్మకుండ్రి అని. ఎందుకంటె ఆ మెసేజ్ ఎవరి ఫోన్లనో ఇంకా అట్లనే ఉన్నది. రేపు మీ గ్రూపుల ఎవరింట్లనో పిల్లకు టీకా ఏపియ్యాల్నా వద్దా అనే ముచ్చట వస్తది. అప్పుడు నీ మాట అక్కరకు వస్తది. నిద్ర పట్టక, తిండి సయించక ఉంటే ఓర్చుకోని కూసోకు. 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్ అంటరు, తెలుగుల మాట్లాడుతరు, పైసలు పడవు.

ప్రశ్న: కర్పూరం, వాము, లవంగాలు మూట గట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతదని మా ఇంట్ల ఇప్పటికీ జలుబు చేస్తే అదే చేస్తరు. ముక్కుల నిమ్మరసం పోసుకున్నోళ్లు గూడ మా ఊళ్లె ఉన్నరు. ఇండ్ల ఏది మంచిది, ఏది చెడ్డది?
— అచ్చంపేట నుంచి ఒక గృహిణి

జవాబు: మిరియాల చారు తాగు, అల్లం కషాయం తాగు, వేడినీళ్లు తాగు. గొంతుకు హాయిగ ఉంటది, ఎవ్వరికీ నష్టం లేదు. అది కరోనాను చంపదు, అంతే.

కర్పూరం మూట ఆక్సిజన్ పెంచదు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తది, మనిషి బాగైన అనుకోని దవాఖానకు పోవుడు ఆలస్యం చేస్తడు. ఇంట్ల చిన్న పిల్లలుంటె ఇంకా బుగులు. కర్పూరం బిళ్ల మింగితె పిల్లలకు ఫిట్స్ వస్తయి. నిమ్మరసం ముక్కుల పొయ్యకుండ్రి, లోపలి పొర మండుతది.

2020 ఏప్రిల్‌ల చిత్తూరు జిల్లాల టిక్‌టాక్ వీడియో చూసి కొందరు ఉమ్మెత్త గింజలు నూరి తాగి దవాఖాన పాలైండ్రు. ఉమ్మెత్త కాయ మీద ముండ్లుంటయి, టీవీల చూపిచ్చే వైరస్ బొమ్మ లెక్కనే ఉంటది, అందుకే మందు అనుకున్నరు. పెరట్ల ఉమ్మెత్త ఎందుకుంచొద్దంటరో మన అవ్వలకు తెలుసు. బొమ్మ కలిసిందని ఆ తెలివిని పక్కకు పెట్టిండ్రు. ఇరాన్ల అయితె సారా తాగితె కరోనా పోతదని నమ్మి, మిథనాల్ కలిసిన కల్తీ సారా తాగి వందల మంది చచ్చిపోయిండ్రు.

కాని అక్కా, నన్ను అడిగితె మన దిక్కు ఎక్కువ నష్టం చేసింది పసరు మందు కాదు, సగం నిజం. 2020 జూన్‌ల బ్రిటన్ల ఒక పెద్ద పరీక్షల డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ గోలి, ఆక్సిజన్ మీద ఉన్నోళ్లల్ల చావులు తగ్గించిందని తేలింది. అది నిజమే. ఆక్సిజన్ అవసరం లేనోళ్లకు దానితోని ఫాయిదా లేదని గూడ అదే పరీక్షల తేలింది. ఆ రెండో సగం మన ఊళ్లకు రాలే. మందుల చీటీ ఒకటి ఫోన్ల తిరిగింది, జ్వరం వచ్చిన మొదటిరోజే మెడికల్ షాపుల కొని మింగిండ్రు. షుగరు ఉన్నోళ్లకు షుగరు కొండెక్కింది. తర్వాత బ్లాక్ ఫంగస్ అనే బూజు జబ్బు వచ్చింది. 2021 మే 20న మన రాష్ట్రంల, ఆ జబ్బు వస్తె ప్రతి దవాఖాన సర్కారుకు తెలపాలె అని హుకుం తెచ్చిండ్రు.

వేలికి పెట్టే ఆక్సిమీటర్ల 94 కన్న తగ్గితె దవాఖానకు పోవాలె. పొయ్యేదాక బోర్ల పండుకుంటె ఊపిరి కొంత సులువైతది. ఇది మాత్రం ఇంట్ల చెయ్యదగ్గ పనే.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. వాట్సాప్ వాళ్లనే తప్పు పడుతున్నారు గాని, మీ ఆరోగ్యశాఖ మాట మాత్రం ఎన్నిసార్లు మారింది? మాస్కు అక్కర్లేదన్నారు, తర్వాత పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా అన్నారు. ప్లాస్మా ప్రాణదానం అన్నారు, తర్వాత పనికిరాదన్నారు. పుకారుకూ మీ మాటకూ తేడా ఏమిటో చెప్పండి.
— నాంపల్లి మండలం, నల్లగొండ జిల్లా

జవాబు: సార్, అడగాల్సిన మాట అడిగిండ్రు. మాస్కు సంగతిల ఆ మాట చెప్పిన నోరు నాదే. 2020 మార్చిల ఇంటింటికి తిరిగి, దగ్గు జ్వరం లేనోళ్లకు మాస్కు అక్కర లేదు అని చెప్పిన. మాకు వచ్చిన సూచన అదే. ఏప్రిల్ మొదటి వారంల, ఇంట్ల కుట్టుకున్న గుడ్డ మాస్కయినా సరే, బయటికి పోతె పెట్టుకోవాలె అని వచ్చింది. మళ్ల అవే ఇండ్లకు పోయిన. మర్రిగూడ మండలంల ఒక అవ్వ, "మొన్న వద్దంటివి, ఇయ్యాల కావాలంటివి, నువ్వే ఒక మాట మీద లేవు" అన్నది. నాకు కోపం వచ్చింది. రూల్ మారింది అవ్వా, పెట్టుకో అని గట్టిగ అని వచ్చిన. అది నేను చేసిన తప్పు. ఏమని చెప్పాలె? దగ్గు, జ్వరం లేని మనుషుల నుంచి గూడ ఇది అంటుకుంటదని ఇప్పుడు తెలిసింది అవ్వా, మొన్న మాకు అంత తెల్వదు అని చెప్పాలె. ఒక్క నిమిషం పట్టేది. అట్ల చెప్పనందుకే ఆమె నా మాటను, ఫోన్ల వచ్చే మాటను ఒకే గంపల ఏసింది.

తేడా అక్కడనే ఉన్నది సార్. మాట మార్చినోడు ఎందుకు మార్చిండో చెప్పగలగాలె. ప్లాస్మానే తీసుకోండి, అంటే కరోనా తగ్గినోళ్ల నెత్తురుల నుంచి తీసి రోగికి ఎక్కిచ్చే ద్రవం. మన దేశంలనే 39 దవాఖానల్ల 464 మంది మీద పరీక్ష చేసి చూస్తె, ప్లాస్మా ఎక్కిస్తె చావులు తగ్గలేదని 2020లనే బయటికి వచ్చింది. చికిత్స సూచనల నుంచి తీసేసింది మాత్రం 2021 మే 17న. ఆ నడుమ ఏప్రిల్, మే నెలల్ల ఎన్ని కుటుంబాలు ప్లాస్మా దాతల కోసం అర్ధరాత్రిళ్లు ఫోన్లు చేసుకుంట ఆగమైనయో నేను కండ్లార చూసిన. అంత ఆలస్యం చెయ్యొద్దుండె. మా శాఖ మాట అయినంత మాత్రాన నేను దాన్ని వెనకేసుకురాను.

మీది నాంపల్లి గనుక ఇది మీకు నాకన్న ఎక్కువ తెలుసు. వంకర పోయిన కాళ్లు, వంగిన నడుములు చూసి, పోయిన జన్మల పాపం అని మన ఊర్లల్ల అనుకునేటోళ్లు. ఆ ఊరికి పిల్లనిచ్చెటందుకు భయపడేటోళ్లు. అది తాగే నీళ్లల్ల ఉన్న ఫ్లోరైడ్ అని నిజాం కాలంలనే డాక్టర్లు పట్టిండ్రు. లీటరు నీళ్లల్ల ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లల్ల నాగపూర్ నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేస్తె దానికి మన జిల్లా పేరే పెట్టిండ్రు, నల్లగొండ టెక్నిక్ అని. ఆ పేరు దేశదేశాల పుస్తకాలల్లకు ఎక్కింది. కాని ఆ పుస్తకంల ఉన్న ముచ్చట, నేను ఉద్యోగంల చేరిన నాటికి గూడ, మర్రిగూడల ప్రతి ఇంటికి చేరలే. పాపం అనే మాట మాత్రం చేరి ఉన్నది. వాళ్లు తెలివి లేనోళ్లు కాదు సార్. ఎవరు పోయి కూసోని చెప్పలే.

ప్రశ్న: చౌటుప్పల్ దిక్కు నాది కోళ్ల ఫారం. 2020ల కోడి తింటే కరోనా అన్నరు, ఫారంల పిల్లలను గొయ్యి తవ్వి పూడ్చిన. 2025ల బర్డ్ ఫ్లూ అన్నరు, మళ్ల అంతే. అప్పటిది, ఇప్పటిది రెండూ అబద్ధమేనా?
— ఒక రైతు

జవాబు: తమ్మీ, రెండూ ఒకటి కాదు. కోడితోని కరోనా అన్నది ఉత్త అబద్ధం. 2020 ఫిబ్రవరి ఆఖర్ల హైదరాబాద్‌ల మంత్రులే వేదిక మీద చికెన్ తిని చూపిచ్చిండ్రు. అయినా బుగులు ఒక్కరోజుల పోలే. నీసొంటోళ్లు మునిగిండ్రు.

బర్డ్ ఫ్లూ మాత్రం కోళ్లకు నిజంగ వచ్చే జబ్బు. 2025 ఫిబ్రవరిల గోదావరి జిల్లాల్ల వచ్చింది. దానికి భయపడాల్సింది ముందు నువ్వు, తర్వాత నీ దగ్గర పనిచేసేటోళ్లు. కోళ్లు ఒక్కపారి ఎక్కువ సంఖ్యల చస్తె చేతులతోని ముట్టకుండ పశువుల డాక్టరుకు చెప్పు, దాచకు. తినేటోళ్లకు 70 డిగ్రీలు దాటి ఉడికిన కూర, గుడ్డు తోని భయం లేదు. మన వంటల ముక్క అంతకన్న ఎక్కువనే ఉడుకుతది. పూడ్చిన కోళ్ల పైసలు నేను తెచ్చియ్యలేను, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ప్రశ్న: మా ఫ్యామిలీ గ్రూపులో మా పెద్దనాన్న రోజూ పొద్దున్నే ఏదో ఒక హెల్త్ మెసేజ్ పెడతారు. ఒకసారి అందరి ముందూ "ఇది ఫేక్" అని లింక్ పెట్టాను. "నాలుగు అక్షరాలు వచ్చినయని పెద్దోళ్లకు బుద్ధి చెప్తున్నవా" అన్నారు. అప్పటి నుంచి మా నాన్నతో కూడా సరిగ్గా మాట్లాడటం లేదు. ఇంక ఊరుకోవడమే మంచిదా?
— డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఊకోవద్దు బిడ్డా. కాని అందరి ముందల అనొద్దుండె. మీ పెద్దనాయిన ఆ గ్రూపుల ఇంటి పెద్ద. పొద్దున్నే మెసేజ్ పెట్టుడంటె, నేనున్న, మీ అందరి మంచిచెడ్డ చూస్తున్న అని చెప్పుకునుడు. నువ్వు మెసేజ్ తప్పన్నవు, ఆయనకు నా పెద్దరికం తప్పన్నడు అని వినవడ్డది.

ఇంటికి పో. చాయ తాగు. "పెద్దనాయినా, ఇది మీకు ఎవరు పంపిండ్రు?" అని అడుగు. ఆయన ఇంకొకరి పేరు చెప్తడు. "ఆయనకు ఎవరు పంపిండ్రట?" అని అడుగు. రెండో మెట్టు కాడికే ఇద్దరికీ తెల్వదు. అప్పుడు ఫోన్ ఆయన చేతిలనే ఉంచి చూపియ్యి. మెసేజ్ మీద రెండు బాణాలుంటె అది చానా చేతులు మారి వచ్చిందని అర్థం. అసొంటిదాన్ని ఒక్కపారి ఒక్కరికే పంపేటట్టు 2020 ఏప్రిల్‌ల వాట్సాప్ కట్టడి పెట్టింది. వీడియో అయితె అండ్ల దుకాణం బోర్డులు ఏ భాషల ఉన్నయో చూడుండ్రి. నల్లగొండ అని వచ్చిన వీడియోల బోర్డులు బెంగాలీల ఉన్నయి ఒకపారి, నేనే చూసిన. తెలుగుల నిజనిర్ధారణ చేసేటోళ్లు ఉన్నరు, హైదరాబాద్‌ల ఫ్యాక్ట్‌లీ అసొంటోళ్లు. నువ్వు లింక్ పెట్టకు, ఆయనతోనే చదివించు. తర్వాత ఆ సంగతి గ్రూపుల ఆయన్నే పెట్టమను. ఇంటి పెద్ద తన నోటితోని, నిన్న నేను పెట్టింది నిజం కాదట అంటె, అది నువ్వు పది లింకులు పెట్టినదానికన్న ఎక్కువ.

ఇది నా ఊహ కాదు, మీ పక్క జిల్లాల అయిన పని. 2018 ఎండకాలంల పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని వీడియోలు వచ్చినయి. అప్పుడు గద్వాల, వనపర్తి జిల్లాలకు ఎస్పీ రెమా రాజేశ్వరి. ఊరికొక పోలీసును పెట్టిందామె. ఎండకాలం గూడ జనం వాకిట్ల మంచాలు ఏసుకోని పండుకుంటలేరు, తలుపులు బిగిచ్చుకోని లోపల ఉక్కపోస్తున్నరు, ఎందుకని వాళ్లు అడిగితె ఈ వీడియోల ముచ్చట బయటపడ్డది. ఆమె పోలీసులతోని ఇంటింటికి చెప్పించింది. డప్పు కొట్టించింది, జానపదం పాటలు కట్టించి ఊరి నడుమ పాడించింది. ఆ ఏడాది మిగతా దేశంల ఇదే పుకారుకు తెలియని మనుషులను కొట్టి చంపిండ్రు. ఆ రెండు జిల్లాల్ల ప్రాణం పోలే. ఆమె గెలిచింది కేసులతోని అని నేను అనుకోను. మంచాలు లోపలికి ఎందుకు పోయినయని ఒక కానిస్టేబుల్ అడిగిండు చూడు, పని అక్కడ మొదలైంది.

ప్రశ్న: వయసు పిల్లలు జిమ్ముల, పెండ్లిల డాన్సు చేసుకుంట గుండె ఆగి పోతున్నరు. అదంత టీకా వల్లనే అంటున్నరు. నేను రెండు డోసులు ఏసుకున్న. భయంగ ఉంది.
— మిర్యాలగూడ

జవాబు: వైద్య పరిశోధన చేసే సర్కారు సంస్థ ఐసీఎంఆర్, 47 దవాఖానల నుంచి, 18 నుంచి 45 ఏండ్ల లోపు ఉన్నట్టుండి పోయినోళ్ల వివరాలు తీసి 2023ల బయటపెట్టింది. టీకాతోని ఆ ముప్పు పెరగలే. రెండు డోసులు ఏసుకున్నోళ్లల్ల తక్కువనే ఉన్నది. పెంచినయి వేరే ఉన్నయి: కరోనాతోని దవాఖానల చేరి ఉండుడు, ఇంట్ల ఎవరో ఒకరు అట్ల పోయి ఉండుడు, చావుకు ముందు రెండు రోజుల్ల అతిగ తాగుడు లేకుంటె అతి కసరత్తు చేసుడు.

కోవిషీల్డ్‌తోని నెత్తురు గడ్డ కట్టే జబ్బు ఒకటి చానా అరుదుగ వస్తదన్నది మాత్రం నిజమే, దాన్ని నేను దాచను. 2021లనే డాక్టర్లు గుర్తుపట్టిండ్రు. వస్తె సూది పడ్డ మొదటి కొన్ని వారాలల్లనే వస్తది. నువ్వు ఏసుకోని ఏండ్లు దాటింది. టీకా ఏసుకున్నోళ్లంత రెండేండ్లల్ల పోతరని ఒక ఫ్రాన్స్ శాస్త్రవేత్త పేరు మీద 2021ల ఒకటి తిరిగింది, యాదికుందా? ఆయన ఆ మాట అననే లేదు. నువ్వు బీపీ చూపిచ్చుకో, షుగరు చూపిచ్చుకో, సిగరెట్ ఉంటె బంద్ పెట్టు.

ప్రశ్న: అమ్మా, మాది నారాయణపేట దిక్కు. ముంబైల బిల్డింగ్ పని. 2020 మేల ఇద్దరు పిల్లల్ని పట్టుకోని లారీల, నడిచి, లారీల ఊరికొస్తే తొవ్వకు అడ్డం ముండ్లకంప ఏసిండ్రు. చేతి మీద క్వారంటైన్ ముద్ర ఉన్నా, టెస్టుల ఏం లేదన్నా వినలే. ముంబై నుంచి వచ్చినోడు ఊరంతటినీ చంపుతడని ఎవరో ఫోన్ల చెప్పిండ్రట. పదకొండు దినాలు చెలకల చెట్టు కింద ఉన్నం. కంప ఏసినోళ్లల్ల మా సొంత బావ ఉన్నడు. ఇప్పుడు పెండ్లిళ్లకు పిలుస్తడు. నాకు పోబుద్ధి కాదు. నేను తప్పా?
— ఒక మేస్త్రీ

జవాబు: తప్పు కాదు నాయినా. ఊరు భయపడింది, ఆ భయం అర్థం అయితది. బయటినుంచి వచ్చినోళ్లు 14 రోజులు వేరుగ ఉండాలన్నది సర్కారు మాటనే. కాని వేరుగ ఉంచుడంటె స్కూల్ల ఒక గది ఇచ్చి, తిండి, నీళ్లు, లైటు పెట్టుడు. ముండ్లకంప ఏసి పిల్లలను చెట్టు కింద పండబెట్టుడు కాదు. పాలమూరు మనిషి పొట్ట చేతపట్టుకోని పోయి కట్టని ఊరు లేదు ఈ దేశంల. ఆ మనిషి మీదనే సొంత ఊరు తలుపేసుకున్నది.

పుకారు ఎప్పుడు గూడ ఎవరో ఒక మనిషి మీద పడాలె, లేకుంటె నిలవదు. నీ మీద పడ్డది. మా కాలనీల ఇరవై ఏండ్ల సంది బత్తాయిలు అమ్మే ముస్లిం తమ్ముని మీద పడ్డది. పండ్ల మీద ఉమ్మి పెడ్తున్నరని ఎప్పటిదో పాత వీడియో తిప్పిండ్రు. నెల దినాలు ఆయన బండిని మా గల్లిలకు రానియ్యలే. నేను డ్యూటీ నుంచి వస్తుంటె మెయిన్ రోడ్డు కాడ నిలబడి, "అక్కా, మీరు గూడ నమ్మిండ్రా?" అన్నడు. నమ్మలేదన్న. ఆ రోజు రెండు డజన్లు కొన్న. కాని మా గల్లిల నలుగురు ఆడోళ్లను కూడేసి, ఇది తప్పు అని ఆ నెలల నేను అనలే. కొనుక్కోని ఇంటికి పోయిన. ఆ సంగతి నన్ను ఇంకా గుచ్చుతది.

మీ బావ పెండ్లికి పిలిచిండంటె ఆయనకు గూడ ఏదో గుచ్చుతనే ఉండొచ్చు. పోవాల్నా వద్దా అన్నది నీ ఇష్టం. పోతె మాత్రం భోజనం చేసి మర్యాదకు వచ్చెయ్యకు. ఆ పదకొండు దినాల ముచ్చట ఆయన మొకం మీద చెప్పు. పిల్లలకు ఏం పెట్టినవో, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చినవో చెప్పు. ఈ పేజీ మీ బావ చదివితె, ఆయన రాసే ఉత్తరం గూడ నేను ఏస్త.

ప్రశ్న: నేను కొత్తగా ఆశాగా చేరిన. ఇంటింటికి పోతే అందరు ఏదో ఒకటి అడుగుతరు. నాకు జవాబు తెల్వకుంటే ఏం చెయ్యాలె మేడం? తెల్వదంటే ఇజ్జత్ పోతదేమోనని భయం.
— చందంపేట మండలం

జవాబు: తెల్వదని చెప్పు చెల్లె, రేపు అడిగొచ్చి చెప్తనను, రేపు పో. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో, ఎవరు ఏం అడిగిండ్రో ఇంటి నంబరు ఏసి రాసుకో.

మీ మండలంలనే 2021 మార్చిల ఒక బాలింత నన్ను అడిగింది, పిల్లకు పాలిస్తున్న, నేను సూది ఏసుకోవచ్చా అని. అప్పటికి బాలింతలకు ఇయ్యొద్దని ఉండె. ఎందుకు ఇయ్యొద్దో నాకు తెల్వదు. తెల్వదు బిడ్డా, తెలిసినంక వస్త అన్న. నోట్‌బుక్‌ల రాసుకున్న. మే 19న ఇయ్యొచ్చని వచ్చింది. మూడు రోజులకు ఆ ఇంటికి పోయిన. ఆమె వాకిట్ల పిల్లను ఒళ్లె ఏసుకోని కూసున్నది. నన్ను చూసి, "వచ్చిందా మేడం?" అన్నది. నడుమ ఇద్దరు ముగ్గురు వచ్చి ఏవేవో చెప్పిండ్రట, పాలు ఎండిపోతయని ఒకరు, పిల్లకు ఫిట్స్ వస్తయని ఒకరు. "నర్సమ్మ అడిగొస్తనన్నది, ఆమె వచ్చినంక చూస్త అని చెప్పి పంపిన" అన్నది.